ఇరవైయొక్క ముక్కల ఎలుగుబంటి

మా హాస్టల్ గది తలుపు తీయగానే ఎవరికైనా ముందు తుమ్ము వస్తుంది. తప్పు నాదే. ఫర్ క్లాత్ కోసిన రోజు గదంతా గోధుమరంగు నూగు ఎగురుతూ ఉంటుంది. ఫ్యాను రెక్కల మీద, రూమ్మేట్ ల్యాబ్ రికార్డు మీద, ఒక్కోసారి మెస్ నుంచి తెచ్చుకున్న పెరుగన్నంలో కూడా అదే. నేను మెకానికల్ మూడో సంవత్సరం. తీరిక దొరికితే టెడ్డీబేర్లు కుడతాను. అమ్మను. కుడతాను, అంతే.

ఈ మాట చెప్పగానే వచ్చే ప్రశ్నలు నాకు కంఠతా వచ్చు. మొదటిది "ఎవరికోసంరా?" అని కన్ను గీటడం. రెండోది "బజార్లో దొరుకుతాయి కదా, నీకెందుకీ గొడవ?" అని. మూడోది మా రూమ్మేట్‌ది. వాడిది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. "మా ఊళ్ళో ఎలుగు వచ్చిందంటే జీడితోట ఒగ్గేసి పరిగెడతాం. నువ్వేటిరా, దానికి చెవులు కుట్టి పక్కలో పడుకోబెడతావు?" అంటాడు. వాడి ప్రశ్నే అన్నిట్లోకీ న్యాయమైనది. మనిషిని చీల్చగల జంతువు పసిపిల్లల పక్కలోకి ఎలా వచ్చింది? అసలు ఒక చదును గుడ్డలోంచి ఆ గుండ్రటి ప్రాణి ఎలా పుడుతుంది? ఈ రెండూ చెప్పడానికే ఈ వ్యాసం. మధ్యలో నేను చేసిన ఒక పెద్ద తప్పు కూడా చెప్పాలి.

చెట్టుకి కట్టిన ఎలుగు

1902 నవంబరులో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీ రాష్ట్రానికి వేటకి వెళ్ళాడు. ఆయనకి ఒక్క ఎలుగూ దొరకలేదు. వేటకి దారి చూపించిన హోల్ట్ కోలియర్ అనే నల్లజాతి వేటగాడు ఒక ఎలుగుని పట్టి చెట్టుకి కట్టేసి, కాల్చమని కబురు పెట్టాడు. కట్టేసిన జంతువుని కాల్చడం వేట కాదని రూజ్‌వెల్ట్ తుపాకీ ఎత్తలేదు. ఇంతవరకే అందరూ చెబుతారు. అప్పటికే బాగా గాయపడి ఉన్న ఆ ఎలుగుకి బాధ తప్పించమని ఆయనే చెప్పాడు, దాన్ని కత్తితో చంపేశారు. ఈ రెండో సగం బొమ్మల షాపుల్లో ఎవరూ చెప్పరు.

నవంబరు 16న వాషింగ్టన్ పోస్ట్‌లో క్లిఫర్డ్ బెరీమన్ ఈ సంఘటన మీద కార్టూన్ వేశాడు. అది చూసి న్యూయార్క్ బ్రూక్లిన్‌లో మిఠాయి కొట్టు నడుపుకునే మోరిస్ మిచ్‌టమ్, ఆయన భార్య రోజ్ కలిసి ఒక ఎలుగు బొమ్మ కుట్టి కొట్టు అద్దంలో పెట్టారు. రూజ్‌వెల్ట్ ముద్దుపేరు టెడ్డీ. బొమ్మకీ అదే పేరు.

సరిగ్గా అదే కాలంలో, ఈ కథతో ఏ సంబంధమూ లేకుండా, జర్మనీలో గీంగెన్ అనే చిన్న ఊళ్ళో రిచర్డ్ స్టైఫ్ అనే కుర్రాడు కాళ్ళూ చేతులూ కదిలే ఎలుగు బొమ్మకి డ్రాయింగు గీశాడు. దాని మోడల్ పేరు 55 పీబీ. 55 అంటే సెంటీమీటర్లలో ఎత్తు, పీ అంటే మెత్తటి ప్లష్ గుడ్డ, బీ అంటే జర్మన్‌లో "కదిలేది" అనే మాటకి మొదటి అక్షరం. మన బేరింగులకీ బోల్టులకీ పార్ట్ నంబర్లు ఉన్నట్టే అన్నమాట! 1903లో లైప్‌జిగ్ బొమ్మల సంతలో ఒక అమెరికా వ్యాపారి అలాంటివి 3000 కావాలని ఆర్డరిచ్చాడని ఆ కంపెనీ చరిత్ర.

నాకు వీళ్ళందరికంటే ఇష్టమైన మనిషి రిచర్డ్ మేనత్త, కంపెనీ పెట్టిన మార్గరెట్ స్టైఫ్. 1847లో పుట్టింది. పసితనంలోనే పోలియో వచ్చి కాళ్ళు చచ్చుబడ్డాయి, కుడిచెయ్యి బలహీనపడింది. కుట్టుమిషన్ చక్రం ఉండేది కుడివైపు. ఆవిడ మిషన్నే వెనక్కి తిప్పి పెట్టుకుని ఎడమచేత్తో చక్రం తిప్పింది. డిజైన్ తనకి సరిపోకపోతే మిషన్ తిప్పేసుకుంది! మా కోర్సులో ఎర్గోనామిక్స్ పాఠం వచ్చినప్పుడల్లా నాకు ఆవిడే గుర్తొస్తుంది.

చదును గుడ్డ, గుండ్రటి తల

ఇప్పుడు గుడ్డ దగ్గరికి వద్దాం. ఫస్టియర్ ఇంజనీరింగ్ గ్రాఫిక్స్‌లో "డెవలప్‌మెంట్ ఆఫ్ సర్ఫేసెస్" అందరం గీసి పడేశాం కదా. స్థూపాన్నీ, శంకువునీ విప్పితే చదును కాగితం అయిపోతాయి. గోళం మాత్రం కాదు. బత్తాయి తొక్కని చిరగకుండా బల్లమీద చదునుగా పరచండి చూద్దాం. కుదరదు. గోళానికుండే ఆ రకం వంపు చదును తలానికి లేదనీ, సాగదీయకుండా చింపకుండా ఒకదాన్ని రెండోదిగా మార్చలేమనీ గాస్ ఎప్పుడో నిరూపించాడు. టెడ్డీబేరు కుట్టేవాడి కష్టమంతా ఆ ఒక్క సిద్ధాంతంలో ఉంది.

మరి ఎలా? మా అమ్మ దగ్గర దీనికి సమాధానం గాస్ పేరు లేకుండానే ఉంది. అమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. చదును గుడ్డకి ఒంటి వంపు రావాలంటే జాకెట్టుకి డాట్ వేస్తారు. అంటే ఒక త్రికోణం మేర గుడ్డని మడిచి కుట్టేస్తారు. అక్కడ గుడ్డ తగ్గింది కాబట్టి పక్కది ఉబ్బుతుంది. ఎలుగు తలకీ అదే కిటుకు. తల రెండు పక్కలకీ రెండు ముక్కలు, మధ్యలో ముక్కు దగ్గర సన్నగా మొదలై నుదుటి దగ్గర వెడల్పయి మెడ వెనక మళ్ళీ సన్నబడే ఒక పొడుగాటి ముక్క. ఈ మధ్య ముక్క లేకుండా కుడితే తల పూర్ణం తక్కువైన కజ్జికాయలా ఉంటుంది. దాని వెడల్పు నుదుటి దగ్గర ఒక్క సెంటీమీటరు పెంచి చూడండి, అప్పటిదాకా పెద్దమనిషిలా ఉన్నవాడు పసివాడైపోతాడు.

తలకి 3, చెవులకి 4, ఒంటికి 2, చేతులకి 4, అరచేతులకి 2, కాళ్ళకి 4, అరికాళ్ళకి 2. మొత్తం 21 ముక్కలు. వీటిలో చాలావాటికి అద్దంలో ప్రతిబింబంలాంటి జోడీ ఉండాలి. కుడిచేతికి కోసిన అట్టని బోర్లించి ఎడమచేతికి కోయాలి. నేను మొదటిసారి ఆ మాట మర్చిపోయి రెండూ ఎడమచేతులే కోశాను. మిర్రర్ కమాండ్ క్యాడ్‌లో ఉంటుంది కానీ కత్తెరలో ఉండదు.

ఇంకోటి, బొచ్చు వాలు. పిల్లి వీపు నిమిరినట్టు గుడ్డని ఒకవైపు నిమిరితే చెయ్యి జారుతుంది, ఎదురు నిమిరితే లేస్తుంది. ప్రతి ముక్కకీ వాలు తల నుంచి పాదాల వైపు ఉండాలి. ఒక కాలికి తిరగబడితే వెలుతురు వేరేగా పడి, అదే గుడ్డయినా రంగు తేడాగా కనిపిస్తుంది. అందుకే ప్రతి అట్టమీదా ఒక బాణం గుర్తు గీసుకుంటాను. కోసేటప్పుడు గుడ్డని తిరగేసి, కత్తెర మొనతో వెనక నేత మాత్రమే కోయాలి. బొచ్చుని కోయకూడదు. ఈ సంగతి తెలిశాక గదిలో తుమ్ములు సగం తగ్గాయి.

మంచి బేర్లు కుట్టేవాళ్ళు వాడేది మొహెయిర్. అంగోరా మేక బొచ్చుతో నేసిన గుడ్డ. అది నా జేబుకి అందదు. విజయవాడ వన్‌టౌన్‌లో మీటర్ల లెక్కన దొరికే మామూలు ఫర్ క్లాతే నాది. ఒక మీటరు తెస్తే సెమిస్టరంతా సరిపోతుంది.

లోపలిది బయటికి

కుట్టడం ఎప్పుడూ తిరగేసే. మంచివైపు లోపలికి పెట్టి, అంచు నుంచి పావు అంగుళం వదిలి, చేత్తో బఖియా కుట్టు. నాకు హాస్టల్లో మిషన్ లేదు. రాత్రి భోజనాలయ్యాక తొమ్మిదిన్నర నుంచి పదిన్నర వరకు ఒక గంట. అప్పుడు పాటలు వింటాను, రూమ్మేట్లు వాళ్ళ గొడవలు చెబుతుంటే వింటాను. చేతుల్లో పని ఉన్నవాడికి మనుషులు మనసులో మాట తేలిగ్గా చెబుతారని నాకు ఇక్కడే తెలిసింది. ఎదురుగా కళ్ళలోకి చూడడుగా, అందుకేమో. బ్యాక్‌లాగుల సంగతి, ఇంట్లో అప్పుల సంగతి, అన్నీ ఒక చెవి కుట్టేలోపు బయటపడతాయి.

కుట్టు పూర్తయ్యాక వదిలిన చిన్న సందులోంచి ముక్కని తిరగేస్తాం. అప్పటిదాకా అది ముడతల గుడ్డ సంచీ. పెన్ను వెనకభాగంతో నెమ్మదిగా నెడితే బొచ్చుతో సహా ఒక చెయ్యి బయటికొస్తుంది. ఇప్పటికి తొమ్మిది బొమ్మలు కుట్టాను, ఈ క్షణం ఇంకా పాతబడలేదు. ఆ తర్వాత కుట్టులో చిక్కుకున్న బొచ్చుని సూది మొనతో బయటికి లాగాలి. లాగేకొద్దీ కుట్టు మాయమై, రెండు ముక్కలు ఒకే చర్మం అయిపోతాయి. పని చూస్తే చాదస్తం. ఒక్కసారి కూర్చుంటే మాత్రం లేవబుద్ధి కాదు.

అయిదు కీళ్ళు

పాతకాలపు టెడ్డీకి అయిదు కీళ్ళు: మెడ, రెండు భుజాలు, రెండు తొడలు. ఒక్కో కీలుకి రెండు హార్డ్‌బోర్డు బిళ్ళలు, రెండు వాషర్లు, ఒక స్ప్లిట్ పిన్ను. ఒక బిళ్ళ చేతి లోపల, ఒకటి ఒంటి లోపల. మధ్యలో గుడ్డ. పిన్ను రెండిట్లోంచి దూరి వస్తుంది. దాని రెండు కాళ్ళనీ ముక్కు ప్లయర్‌తో విడదీసి, బిళ్ళ మీదికి గట్టిగా చుట్టేయాలి. బిళ్ళకీ గుడ్డకీ మధ్య రాపిడి వల్లే చెయ్యి ఎత్తినచోట ఆగుతుంది. దూది కొన్నాళ్ళకి నలిగి కీలు వదులవుతుంది కాబట్టి మొదట్లో కాస్త బిగుతుగానే ఉంచాలి. కొందరు పిన్నుకి బదులు బోల్టు, లాక్ నట్ వాడతారు.

హార్డ్‌బోర్డు ఎక్కడిది అంటారా? ఇంటర్ పరీక్షల ప్యాడు! క్లిప్పు ఊడిపోయిన పాత ప్యాడు ఒక్కటి కోస్తే ఒక బేరుకి సరిపడా బిళ్ళలొస్తాయి. ఎంసెట్ ర్యాంకు తెచ్చిన ప్యాడు ఎలుగుబంటి భుజంలో ఉందని మా వింగ్‌లో ఒక జోకు నడుస్తోంది.

లోపల ఏం కూరాలన్నది ఇంకో సంగతి. పాత జర్మన్ బొమ్మల్లో సన్నటి చెక్క పీచు ఉండేది. ఇంగ్లండ్ కంపెనీలు తర్వాత కేపాక్ వాడాయి. కేపాక్ అంటే ఏదో అనుకున్నాను, తెల్ల బూరుగు దూది. మా అమ్మమ్మ దిండులో ఉండేదానికి దగ్గర చుట్టమే! ఇప్పుడు ఎక్కువగా వాడేది పాలియెస్టర్ పీచు. తడిపి ఉతికినా తొందరగా ఆరుతుంది. కూరడానికి ఒక పద్ధతుంది. గుప్పెడు గుప్పెడు కుక్కితే లోపల గడ్డలు కడుతుంది. చిటికెడు చిటికెడు విడదీసి, ముందు ముక్కు కొనలో రాయిలా గట్టిగా నింపి, తర్వాత మిగతా తల. ముక్కు మెత్తగా ఉంటే పైన వేసే దారం కుట్టు నిలవదు.

చివరికి వీపు సందు మూయాలి. సూదిని ఈ అంచులో కాస్త, ఆ అంచులో కాస్త, ఎదురెదురుగా నిచ్చెన మెట్లలా తీసుకుంటూ పోయి, ఒక్కసారిగా దారం లాగితే రెండు అంచులూ కలిసి కుట్టు కనిపించకుండా పోతుంది. ఈ ఒక్క కుట్టు నేర్చుకుంటే చిరిగిన దిండు, ఊడిన బ్యాగు లైనింగు, ప్యాంటు జేబు అన్నీ బాగుచేసుకోవచ్చు. హాస్టల్లో నాకున్న గౌరవం దీనివల్లే.

మొహం రావడం

ఇరవైయొక్క ముక్కలూ కలిసినా అప్పటికింకా అది బొమ్మే. ఎవరూ కాదు. కళ్ళు పెట్టాక ఎవరో ఒకరవుతుంది. అందుకే కళ్ళు వెంటనే కుట్టను. గుండ్రటి నల్ల తలలున్న గుండుసూదులు రెండు గుచ్చి, టేబుల్ అవతలి చివర పెట్టి చూస్తాను. రెండు మిల్లీమీటర్లు పైకి జరిపితే వార్డెన్ గారు. కిందికీ దూరంగానూ జరిపితే పాలు తాగే పాప. దగ్గరగా పెడితే ఇంటర్నల్స్ ముందురోజు మనం.

దీని వెనక శాస్త్రం ఉంది. పెద్ద నుదురు, కిందికి ఉండే పెద్ద కళ్ళు, చిన్న ముక్కు చూస్తే మనకి ముద్దు చేయాలనిపిస్తుందని కోన్రాడ్ లోరెంజ్ 1943లో రాశాడు. 1985లో హైండ్, బార్డెన్ అనే ఇద్దరు పాత టెడ్డీబేర్లని కొలిచి చూశారు. తొలినాటి బొమ్మలకి అసలు ఎలుగులా పొడుగు మూతి, వాలు నుదురు. ఏళ్ళు గడిచేకొద్దీ మూతి కురచై నుదురు పెరిగింది. పిల్లల మొహానికి దగ్గరైన బొమ్మనే జనం కొనుక్కున్నారు, కాబట్టి అలాంటివే నిలిచాయి. మా రూమ్మేట్ ప్రశ్నకి జవాబు ఇదే. ఎలుగు మన పక్కలోకి రాలేదు. పసిపిల్లవాడి మొహమే ఎలుగు చొక్కా తొడుక్కుని వచ్చింది.

ఊడిన కన్ను

ఇక ఆ తప్పు. నా మొదటి బేరు మా మేనల్లుడి కోసం. సెకండియర్ సెలవుల్లో ఇరవై రోజులు కుట్టాను. వాడికప్పుడు పది నెలలు. కళ్ళకి రెండు నల్ల చొక్కా గుండీలు వేశాను. అందరూ మెచ్చుకున్నారు. నేను ఫొటోలు తీసి అందరికీ పంపాను.

వారం తర్వాత అక్క ఫోన్ చేసింది. "కన్ను ఊడిందిరా" అంది. కుట్టేయొచ్చులే అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. "వాడి నోట్లో దొరికింది. వేలు పెట్టి తీశాను" అంది. తిట్టలేదు. అంతే చెప్పి పెట్టేసింది. ఆ గుండీ గొంతులోకి జారి ఉంటే అనే ఆలోచన ఆ రాత్రి నన్ను పడుకోనివ్వలేదు. తర్వాత రెండు నెలలు కుట్టుపెట్టె తెరవలేదు.

అమ్మకి చెప్పాను. ఓదారుస్తుందనుకున్నా. "ఎన్ని పోగులతో కుట్టావు?" అని అడిగింది. మామూలు గుండీ కుట్టినట్టే కుట్టానన్నాను. "చొక్కా గుండీని ఎవరూ నోట్లో పెట్టుకుని లాగరు కదరా" అంది. ఒక బొమ్మ మీద ఎంత లోడు పడుతుందో లెక్కేసుకోకుండా డిజైన్ చేశానని, అదీ మెకానికల్ చదువుతూ, నాకు అప్పుడర్థమైంది.

తర్వాత చదివి తెలుసుకున్నది మీకూ పనికొస్తుంది. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించడానికి 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఒక చిన్న గొట్టం వాడతారు. పిల్లల గొంతుకి అది కొలత లాంటిది. బొమ్మ నుంచి ఊడే భాగం ఏదైనా ఆ గొట్టంలో పూర్తిగా పడితే ఆ బొమ్మ పనికిరాదు. మన దేశంలో కూడా 2021 జనవరి 1 నుంచి అమ్మే బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. వెనక వాషరుతో బిగించే ప్లాస్టిక్ కళ్ళని "సేఫ్టీ ఐస్" అని అమ్ముతారు, కానీ పేరు చూసి నమ్మి పసివాళ్ళకి పెట్టకూడదు. చుట్టూ గుడ్డ చిరిగితే అవీ వచ్చేస్తాయి. చంటిపిల్లల బొమ్మకి కళ్ళు దారంతోనే కుట్టాలి. బిళ్ళలు, పిన్నులు, గుండీలు, మెడకి రిబ్బన్లు ఏవీ వద్దు. గాజు కళ్ళు, స్ప్లిట్ పిన్నులు అల్మరాలో కూర్చునే బేర్లకి.

మొదలుపెట్టాలనుకుంటే

కీళ్ళు లేని చిన్న బేరుతో మొదలుపెట్టండి, ఒక జానెడు చాలు. ఫర్ బదులు ఫెల్ట్ గుడ్డ అయితే నూగు ఉండదు. నమూనా మీరే కాగితం మీద గీసుకోండి. ముందు పాత బనీను గుడ్డ మీద ప్రయత్నిస్తే తప్పులన్నీ అక్కడే అయిపోతాయి. సూదులు లెక్కపెట్టి తీయండి, లెక్కపెట్టి పెట్టండి. ఒక్కటి తగ్గినా అది ఎలుగు కడుపులో ఉందేమో వెతకందే పడుకోవద్దు. పూర్తయ్యాక కళ్ళనీ చెవులనీ మీ బలమంతా పెట్టి లాగండి. జాలిపడకండి.

మా మేనల్లుడికి రెండో బేరు కుట్టాను. కళ్ళు నల్లదారంతో, ఆరు పోగులు. అక్కకి ఇచ్చేముందు ఆమె ఎదుటే లాగి చూపించాను. తర్వాత ఆమె కూడా లాగింది, నాకంటే గట్టిగా. ఏమీ అనకుండా వాడి చేతికిచ్చింది.

మొన్న సంక్రాంతికి వెళితే దాని అవతారం చూడాలి. ఒక చెవి నమిలి నమిలి అప్పడంలా అయింది. పొట్టమీద పప్పు మరక. చంకలో కుట్టు విడి లోపలి పీచు తొంగిచూస్తోంది. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నిచ్చెన కుట్టు వేశాను. సూది గుచ్చినప్పుడల్లా వాడు "అబ్బా" అన్నాడు, ఎలుగు తరఫున. దారం తెంపానో లేదో, ఆ అప్పడం చెవి పట్టుకుని ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

మొదటి బేరు ఇప్పుడు నా టేబుల్ మీద ఉంది, ఒంటికన్నుతో. రెండో గుండీ డబ్బాలోనే ఉంది. కుట్టలేదు.